మంచునేల మీద లార్చ్ అడవి ఎలా పెరుగుతుంది

నల్లగొండలో వృక్షశాస్త్రం ఎమ్మెస్సీ చదువుతున్న మీరు శీతల ప్రాంతాల లార్చ్ అడవుల మీద సెమినార్ ఇవ్వవలసి ఉందని, పుస్తకంలో ఉష్ణోగ్రత, వర్షపాతం, వెలుతురు, నేల, గాలి అంటూ వరుసగా ఇచ్చిన కారకాలలో దేనికి ఎంత బలమో తేలడం లేదని రాశారు. చలే ఆ చెట్లను అణచి ఉంచుతున్నప్పుడు భూమి వేడెక్కితే అవి ఇంకా ఏపుగా పెరగాలి కదా అన్నది మీ రెండో ప్రశ్న. మంచు ఎరుగని మన ప్రాంతపు విద్యార్థులకు అర్థమయ్యేలా చెప్పడానికి మన అడవుల్లో పోలిక ఏదైనా దొరుకుతుందా అన్నది మూడోది. పాలమూరు కళాశాలల్లో చాలాకాలం వృక్షశాస్త్రం బోధించి, చెట్ల వార్షిక వలయాల మీద ప్రత్యేకంగా పనిచేసినవాడిగా నాకు తెలిసింది వివరంగా రాస్తున్నాను. మూడో ప్రశ్నతో మొదలుపెడితే మిగతా రెండూ సులభమవుతాయి.

ఎండలు ముదిరేసరికి మన్ననూరు దాటి ఫరహాబాద్ వైపు వెళ్లే దారిలో టేకు, నల్లమద్ది, చిరుమాను ఆకులు రాల్చి నిలబడి ఉంటాయి. అవి ఆకు రాల్చడానికి కారణం నేలలో తేమ తగ్గిపోవడమని, ఆకులుంటే ఉన్న కాస్త నీరూ ఆవిరైపోతుందని మీరు చదువుకున్నారు. లార్చ్ కూడా ఆకురాల్చే చెట్టే. పైన్, స్ప్రూస్, ఫిర్‌లున్న కుటుంబానికే చెందిన వివృతబీజమైనా (అంటే పండులో దాగకుండా విత్తనం బయటికే ఉండే రకమైనా), వాటిలా ఏడాది పొడుగునా పచ్చగా ఉండకుండా శరదృతువులో తన సూది ఆకులన్నిటినీ పసుపు రంగుకు తిప్పి రాల్చేస్తుంది. మూల కారణం ఇక్కడా చాలావరకు నీరే. గడ్డకట్టిన నేలలో ఎంత తేమ ఉన్నా వేరు దాన్ని పీల్చుకోలేదు. చలికాలం చివర సూర్యుడు పైకెక్కి కొమ్మలు వెచ్చబడే రోజుల్లో ఆకులుంటే నీరు బయటికి పోతుందే గాని కిందినుంచి ఒక్క చుక్క రాదు. నల్లమలలో నీటిని ఎండ తీసుకుపోతుంది, సైబీరియాలో నీటిని చలి బంధిస్తుంది; చెట్టు మాత్రం రెండుచోట్లా ఒకే ఉపాయం పన్నుతుంది. మీ సెమినార్‌ను ఈ మాటతో మొదలుపెడితే మన పిల్లలకు వెంటనే పట్టుబడుతుందని నా నమ్మకం.

దీనినుంచే మీ మొదటి ప్రశ్నకు జవాబు వస్తుంది. లార్చ్ అడవి ఎదుగుదలను నిర్ణయించేది ఏడాది సగటు ఉష్ణోగ్రత కాదు, చలికాలపు కనిష్ఠ ఉష్ణోగ్రత అసలే కాదు. వేసవి మొదటి వారాలలో వేరు చుట్టూ ఉన్న నేల ఎప్పుడు కరిగింది, ఎంత లోతుకు కరిగింది, ఆ కరిగిన పొరలో నీరు, నత్రజని ఎంత దొరికాయి అన్నవే అసలు విషయాలు. పుస్తకం వరుసగా రాసిన కారకాలన్నీ ఈ కరిగే పొర ద్వారానే చెట్టు మీద పనిచేస్తాయి కాబట్టి, వాటిని విడివిడిగా చెప్పడం కన్నా ఒకదానితో ఒకటి కలిపి చెప్పడమే న్యాయం.

అంకెలు చూడండి. రష్యా అడవుల్లో విస్తీర్ణం రీత్యా మొదటి స్థానం లార్చ్‌ది. సైబీరియాలోని యెనిసేయ్ నదికి తూర్పున లక్షల చదరపు కిలోమీటర్ల మేర ఇదే ప్రధాన వృక్షం. ఆ ప్రాంతం నడిబొడ్డున ఉన్న యాకుత్స్క్ నగరంలో జనవరి సగటు సున్నాకు దిగువన 38 డిగ్రీల చుట్టుపక్కల ఉంటుంది, జులై సగటు 19 డిగ్రీలు దాటుతుంది. ఇంకా ఉత్తరాన ఉన్న వెర్ఖోయాన్స్క్‌లో 1892లో మైనస్ 67.8 డిగ్రీలు నమోదైతే, 2020 జూన్ 20న ప్లస్ 38 డిగ్రీలు నమోదైంది. వంద డిగ్రీలకు మించిన ఈ తేడాను తట్టుకునే చెట్లు ప్రపంచంలో బహు కొద్ది. శరదృతువులో పగటి నిడివి తగ్గగానే లార్చ్ కణాలు చక్కెరలు నింపుకొని, మంచు స్ఫటికాలు కణం లోపల కాకుండా కణాల మధ్య ఏర్పడేలా సర్దుకుంటాయి. ఆ స్థితిలో ఉన్న కొమ్మకు 60 డిగ్రీల చలి కూడా ప్రాణాంతకం కాదు. అందుకే చలికాలపు కనిష్ఠ ఉష్ణోగ్రతకు, ఆ ఏడాది ఎదుగుదలకు నేరుగా సంబంధం కనిపించదని చెప్పాను.

అంకెల్లో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది వర్షపాతం. యాకుత్స్క్‌లో వాన, మంచు కలిపి ఏడాదికి సుమారు 240 మిల్లీమీటర్లు. మన పాలమూరు, నల్లగొండలలో ఆరేడు వందల మిల్లీమీటర్లు కురుస్తుంది, అయినా మనది కరువు సీమే. మనలో మూడోవంతు వానతో అక్కడ అంత అడవి ఎలా నిలబడింది? ఆవిరయ్యే కాలం తక్కువ అన్నది సగం జవాబు. మిగతా సగం పర్మాఫ్రాస్ట్, అంటే ఏళ్ల తరబడి కరగకుండా గడ్డకట్టి ఉండే నేల. వేసవిలో పైపొర మాత్రమే కరుగుతుంది; ఉత్తరాన అర మీటరుకు అటూ ఇటూ, యాకుత్స్క్ పరిసరాల్లో మీటరు దాటి. దాని కింద మంచుగడ్డ పరిచిన పళ్లెంలా ఉంటుంది కాబట్టి నీరు లోతుకు ఇంకిపోదు. నిరుటి శరదృతువులో కురిసిన వాన ఆ పొరలోనే గడ్డకట్టి, ఈ వేసవిలో మెల్లగా కరిగి వేళ్లకు అందుతుంది. మన చెలక నేలల్లో మంచి వాన పడినా నీరు జారిపోయి పదిహేను రోజుల్లో పైరు వాడిపోవడం చూసినవారికి, నేల కింద ఇలాంటి అడ్డు ఉండడం ఎంత అదృష్టమో వేరే చెప్పనక్కర్లేదు.

అయితే ఆ పర్మాఫ్రాస్టే చెట్టుకు కట్టుబాటు కూడా. వేళ్లు కిందికి దిగలేవు. అక్కడ పెరిగే దహూరియన్ లార్చ్ అనే జాతి వేళ్లలో అధిక భాగం పై 30 సెంటీమీటర్లలోనే పక్కలకు పాకుతాయి. నేల మీద మాస్ అనే నాచులాంటి చిన్న మొక్కలు పెరిగి పెరిగి మెత్తటి దుప్పటిలా మందమయ్యే కొద్దీ కింది పొర చల్లబడి, గడ్డకట్టిన మట్టం పైకి జరుగుతుంది. అప్పుడు పాత వేళ్లు మంచులో చిక్కి పనికిరాకుండా పోతాయి. ఈ చెట్టు మాస్‌లో కూరుకుపోయిన కాండం నుంచే కొత్త అబ్బురపు వేళ్లు పుట్టించుకొని, వెచ్చటి పైపొరను మళ్లీ అందుకుంటుంది. స్ప్రూస్, పైన్ చెట్లు వెనకబడిన చోట లార్చ్ ముందుకు పోవడానికి ఈ గుణం ఒక ముఖ్య కారణం. పక్క చెట్టుతో దాని పోటీ కూడా పైన వెలుతురు కోసం కన్నా కింద వేళ్ల చోటు కోసమే ఎక్కువ. ఉత్తరపు లార్చ్ అడవిలో చెట్ల మధ్య ఎడం చూసి ఇది పలచబడిపోయిన అడవి అనుకుంటాం, కాని నేల కింద ఖాళీ ఉండదు.

ఇక కాలం సంగతి. శీతల ప్రాంతాల వివృతబీజాల కాండంలో కొత్త దారుకణాలు, అంటే కలప కణాలు, ఏర్పడాలంటే రోజు సగటు ఉష్ణోగ్రత 8, 9 డిగ్రీలకైనా చేరాలని పలుచోట్ల చేసిన పరిశీలనలు చెబుతున్నాయి. ధ్రువం వైపు వెళ్లేకొద్దీ జులై సగటు 10 డిగ్రీలకు తగ్గే గీత దగ్గర అడవి ఆగిపోవడానికి, ఈ లెక్కకు పొంతన ఉంది. ఉత్తర సైబీరియాలోని తైమిర్ ద్వీపకల్పంలో 72 డిగ్రీల ఉత్తర అక్షాంశం దాటిన అరి మాస్, లుకున్‌స్కీ అనే లార్చ్ తోపులు ప్రపంచంలో అన్నిటికన్నా ఉత్తరాన ఉన్న అడవులు. అక్కడ జూన్‌లో గాని మొగ్గలు విచ్చుకోవు, ఆగస్టు నడిమికల్లా కలప తయారీ దాదాపు ముగుస్తుంది. శీతల ప్రాంతాల్లో చాలాచోట్ల ఈ వేగం శిఖరానికి చేరేది పగలు అతి దీర్ఘంగా ఉండే జూన్ చివరి రోజుల చుట్టూ. వేడి శిఖరం జులైలో వస్తుందన్నది గమనిస్తే, చెట్టు థర్మామీటరును మాత్రమే కాక పగటి నిడివిని కూడా లెక్కలోకి తీసుకుంటోందని తెలుస్తుంది. చలి తిరిగి రాకముందే కణాల గోడలు దళసరి కావాలి, అందుకు గడువు మిగలాలి.

బోరర్‌తో, అంటే కాండానికి సన్నని రంధ్రం చేసే పనిముట్టుతో, తీసిన ఉత్తరపు లార్చ్ చెక్కపుల్లను నునుపు చేసి సూక్ష్మదర్శిని కింద పెడితే ఈ తొందరంతా కనిపిస్తుంది. ప్రతి వలయంలో ముందు పలచటి గోడలున్న వెడల్పాటి కణాల లేత పట్టీ, దాని వెంటనే దళసరి గోడల ముదురు పట్టీ, ఆ తర్వాత గీత గీసినట్టు అంచు. మంచి ఏడాదిలో పదుల వరుసల కణాలుంటే, గడ్డు ఏడాదిలో వేళ్ల మీద లెక్కపెట్టగలిగే వరుసలే. కంటికి ఒకటే గోధుమరంగు గీతగా కనిపించే చోట పది, పదిహేనేళ్లు ఒదిగి ఉండవచ్చు. మణికట్టు మందం చెట్టుకు నూరేళ్ల వయసుండడం అక్కడ వింత కాదు. మన కలప డిపోలో కోసిన టేకు దుంగను దాని పక్కన పెట్టి చూడండి: వలయం మొదట్లో సూదిమొన దూరేంత దారునాళాలు (నీటిని మోసే గొట్టాలు) మామూలు కంటికే వరుసగా కనిపిస్తాయి, ఒక్కొక్క వలయం మిల్లీమీటర్లలో ఉంటుంది. టేకు వలయం ఆ ఏటి వర్షాల కథ చెబుతుంది. పుణేలోని భారత ఉష్ణమండల వాతావరణ విజ్ఞాన సంస్థ శాస్త్రవేత్తలు కేరళ టేకు వలయాల నుంచి పాత కరువు సంవత్సరాలను గుర్తించారు. ఉత్తరపు లార్చ్ వలయం ఆ ఏటి జూన్, జులై నెలల వేడి కథ చెబుతుంది. పశ్చిమ సైబీరియాలోని యమాల్‌లో మట్టిలో చెడకుండా మిగిలిన లార్చ్ దుంగలను జతచేసి వేల సంవత్సరాల వలయాల వరుసను కట్టగలిగారు. క్రీ.శ. 536లో అగ్నిపర్వతాల ధూళి ఆకాశాన్ని కమ్మిన తర్వాత వచ్చిన చల్లని వేసవులు అల్టాయ్ పర్వతాల లార్చ్‌లలో సన్నని వలయాలుగా ఇప్పటికీ కనిపిస్తాయి.

పుస్తకాలు సరిగా పట్టించుకోని కారకం మంచు కురిసే తీరు. దీనికి రెండు ముఖాలున్నాయి, రెండూ చెప్పాలి. శరదృతువులో తొందరగా, మందంగా పడిన మంచు నేలకు కంబళి అవుతుంది. కింద నేల మరీ చల్లబడదు, మరుసటి వేసవిలో కరిగే పొర కాస్త లోతుగా ఉంటుంది. అదే మంచు వసంతంలో ఆలస్యంగా కరిగితే, జూన్ ఎండ నేలను వెచ్చబరచడానికి బదులు మంచును కరిగించడానికే ఖర్చయిపోతుంది. గాలి వెచ్చబడినా వేరు ఇంకా గడ్డకట్టిన నేలలోనే ఉంటుంది. క్రాస్నోయార్స్క్ శాస్త్రవేత్త యెవ్గేనీ వగానోవ్, ఆయన సహచరులు 1999లో ఈ విషయాన్నే చూపించారు. ఇరవయ్యో శతాబ్దం రెండో సగంలో సైబీరియా ఉత్తర భాగాల్లో వేసవి వేడికి, వలయాల వెడల్పుకు ఉన్న పాత సంబంధం సడలడానికి శీతాకాలపు మంచు పెరిగి, కరగడం ఆలస్యమై, ఎదుగుదల వెనక్కు జరగడమే కారణమని వారు వాదించారు. మూడు నెలలైనా లేని కాలంలో వారం ఆలస్యమంటే మాటలు కాదు. మనకు మృగశిర వానలు వారం తప్పితే పత్తి రైతు ఎలా తల్లడిల్లుతాడో మీకు తెలుసు.

మంట గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే లార్చ్ అడవిలో మంట కేవలం నాశనం కాదు. నేల మీది మాస్ దుప్పటిని మంట తగలబెడితే, నల్లబడిన నేల ఎండను పీల్చుకొని లోతుగా కరుగుతుంది, చిక్కుబడి ఉన్న నత్రజని కొంత విడుదలవుతుంది, మట్టి బయటపడడంతో లార్చ్ విత్తనానికి మొలకెత్తే చోటు దొరుకుతుంది. బతికి బయటపడిన చెట్ల వలయాలు మంట తర్వాత కొన్ని దశాబ్దాల పాటు వెడల్పుగా ఉండి, మాస్ మళ్లీ మందమయ్యేకొద్దీ సన్నబడుతూ పోవడం సైబీరియాలో చాలాచోట్ల చూశారు. వేళ్లు పైపైనే ఉండడం వల్ల నేలమంటకే చనిపోయే చెట్లూ ఎక్కువే. మన టేకు, చిరుమాను కాలినా మొదలు నుంచి పిలకలు వేస్తాయి. లార్చ్ అలా కాదు, అది గాలికి వచ్చే విత్తనం మీదే ఆధారపడాలి. కాబట్టి కాలిన మేర చిన్నదైతే అడవి తిరిగొస్తుంది. 1987లో చైనా ఈశాన్యంలోని గ్రేటర్ ఖింగన్ పర్వతాల్లో పది లక్షల హెక్టార్లకు పైగా కాలినట్టు, 2021లో యాకుత్స్క్ చుట్టూ ఉన్న యాకుతియా ప్రాంతంలో లక్షల హెక్టార్లు కాలినట్టు మేర పెద్దదైతే, విత్తనమిచ్చే తల్లి చెట్టే దూరమైపోతుంది. మంటకు మంటకు మధ్య ఎడం తగ్గడం ఇప్పుడు ఆ అడవికి నిజమైన ప్రమాదమని నేను గట్టిగా అనుకుంటున్నాను.

నత్రజని సంగతి క్లుప్తంగా చెబుతాను. చల్లని నేలలో రాలిన ఆకు కుళ్లడానికి ఏళ్లు పడుతుంది, అందువల్ల పోషకాలు నేలలో ఉండి కూడా చెట్టుకు అందవు. లార్చ్ రాలబోయే ఆకు నుంచి సగానికి పైగా నత్రజనిని ముందే కొమ్మల్లోకి వెనక్కు లాక్కుంటుంది, వేళ్లను అంటిపెట్టుకున్న మైకోరైజా శిలీంద్రాల సాయంతో మిగతాది సంపాదిస్తుంది. ప్రతి ఏటా కొత్త ఆకులు తయారుచేసుకోవడం పేద నేలలో దుబారా అనిపించవచ్చు గాని, లార్చ్ ఆకు పలచన, చవక. పెట్టిన ఖర్చు ఒక్క వేసవిలో తిరిగి వచ్చేస్తుంది.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న. వేడి పెరిగితే లార్చ్ పెరుగుతుందా అంటే, ఎక్కడి లార్చ్ అని తిరిగి అడగవలసి ఉంటుంది. ఉత్తరపు అంచున, పర్వతాల పై అంచున నిజంగానే లాభం కనిపిస్తోంది. ఉరల్ పర్వతాల ఉత్తర కొస అయిన పోలార్ ఉరల్స్ వాలుల్లో లార్చ్ చెట్ల పై హద్దు ఇంకా పైకి ఎక్కడాన్ని రష్యా శాస్త్రవేత్త స్తెపాన్ షియాతోవ్ ఒకేచోట నుంచి దశాబ్దాల తేడాతో తీసిన ఛాయాచిత్రాలతో నిరూపించారు. దక్షిణపు అంచున ఉన్న మంగోలియాలో లెక్క తలకిందులు. అక్కడ కొండ ఉత్తరపు వాలు మీద లార్చ్, అదే కొండ దక్షిణపు వాలు మీద వట్టి గడ్డి; ఎండ నేరుగా తగిలే వైపు చెట్టుకు సరిపడా తేమ నిలవదు. అలాంటిచోట వేసవి ఒక డిగ్రీ పెరిగితే చెట్టు నీటి కరువుతో ఆకు రంధ్రాలు మూసుకుంటుంది, వలయం సన్నబడుతుంది. ఆ కొండ వాలులను చూస్తే మన రాచకొండ గుట్టల మీది పొదలు గుర్తొస్తాయి. గాలిలో కార్బన్ డయాక్సైడ్ పెరగడం వల్ల చెట్టు నీటిని పొదుపుగా వాడుకుంటుందన్న మాట వాస్తవమే అయినా, ఆ పొదుపు కలప రూపంలో కనిపించని చోట్లే ఎక్కువ.

నడుమ ఉన్న యాకుతియా పరిస్థితి ఇంకా చిక్కైనది. కరిగే పొర లోతు పెరగడం మొదట్లో వేళ్లకు మేలే. కాని నేలలో మంచుగడ్డల వంతు ఎక్కువగా ఉన్నచోట అవి కరిగితే నేల కుంగి, చెట్లు అటూ ఇటూ ఒరిగిపోతాయి, గుంటల్లో నీరు నిలిచి చెరువులవుతాయి. యాకుత్స్క్ దగ్గరి స్పాస్కయా పాద్ పరిశోధన క్షేత్రంలో 2005 తర్వాత కొన్నేళ్లు వాన, మంచు ఎక్కువై కరిగే పొర నీటితో నిండిపోవడం వల్ల లార్చ్‌లు ఎండిపోవడాన్ని జపాన్, రష్యా శాస్త్రవేత్తలు నమోదు చేశారు. కరువు సీమ చెట్టు నీరెక్కువై చనిపోవడం వింతగా తోచవచ్చు. కింద మంచు అడ్డు ఉండగా నీరు పోయే దారి లేక వేరుకు ప్రాణవాయువు అందకపోవడమే దానికి కారణం. ఇవి చదివిన తర్వాత వేడెక్కితే అడవి పెరుగుతుందన్న ఒక్క వాక్యం మీ సెమినార్‌లో రాకుండా చూసుకోండి.

మిగిలినవి త్వరగా ముగిస్తాను. లార్చ్‌కు నీడ గిట్టదు, కనుక తల్లి చెట్ల దట్టమైన నీడలో దాని మొలక బతకదు. గాలి బలం టండ్రా అంచున, కొండ కొమ్ముల మీద తప్ప ప్రధాన కారకం కాదు. పురుగులను మాత్రం వదలకండి: ఆల్ప్స్ పర్వతాల్లో లార్చ్ మొగ్గ పురుగు ఎనిమిది, తొమ్మిదేళ్లకొకసారి విజృంభించి ఆకులు తినేయడం వలయాల్లో వెయ్యేళ్లకు పైగా క్రమంగా కనిపించి, 1980ల తర్వాత ఆ క్రమం చెదిరింది. వలయం సన్నబడిన ప్రతి ఏడాదినీ చలికి అంటగట్టకూడదనడానికి ఇది మంచి ఉదాహరణ.

మన దేశంలోనే లార్చ్ ఉందన్న సంగతి సెమినార్‌లో తప్పక చెప్పండి. సిక్కిం, అరుణాచల్ ప్రదేశ్‌లలో 3,000 మీటర్లకు అటూ ఇటూ ఎత్తుల్లో హిమాలయన్ లార్చ్ పెరుగుతుంది. వేలాడే కొమ్మలు, నిటారుగా నిలిచే పొడవాటి శంకువులతో దాన్ని గుర్తుపట్టడం తేలిక. అక్కడ రుతుపవనాల వాన పుష్కలం, సైబీరియాలా నేల కింద పర్మాఫ్రాస్ట్ పళ్లెం ఉండదు. అందువల్ల సైబీరియా ఫలితాలను తెచ్చి దానికి అంటించడం తగదు.

చిన్న లెక్క ఏదైనా చేసి చూపదలిస్తే ఏడాది సగటులు పక్కన పెట్టండి. యాకుత్స్క్ నెలవారీ ఉష్ణోగ్రతలు, వర్షపాతం తీసుకొని, అంతర్జాతీయ వలయ సమాచార నిధిలో ఉచితంగా దొరికే సైబీరియా లార్చ్ వలయ వెడల్పులతో మే నుంచి ఆగస్టు దాకా ఒక్కొక్క నెలనూ విడిగా పోల్చండి. నిరుటి ఆగస్టు, సెప్టెంబరు వానను కూడా చేర్చండి, ఎందుకంటే ఆ నీరే మంచుగా దాగి ఈ ఏటి వేరుకు అందుతుంది. ఉత్తరపు స్థలం ఒకటి, మంగోలియా స్థలం ఒకటి పక్కపక్కన పెడితే జూన్ వేడి ఒకచోట మేలుగా, రెండోచోట కీడుగా తేలే అవకాశం ఎక్కువ. ఆ రెండు గ్రాఫులు చూపించి, ఆ తర్వాత కరిగే పొర గురించి మాట్లాడితే మీ తరగతివారు ప్రశ్నలు వాళ్లంతట వాళ్లే అడుగుతారు.